కష్టంలో ఉన్న మనిషిని బోనెక్కించకండి: రాయలసీమ సంఘ కాపరులకు బహిరంగ లేఖ

కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప ప్రాంతాల్లో సువార్త సంఘాలు నడుపుతున్న పాస్టరయ్యగార్లకు, స్వస్థత కూటాలు జరిపే దైవసేవకులకు, సంఘ పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

ఈ జిల్లాల్లో మానసిక వైద్యంలో, నర్సింగులో, సామాజిక సేవలో ఉంటూ సంఘాల్లోనూ తిరిగేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మాలో ఎక్కువమంది ఆదివారం మీ ఎదుట చాప మీద కూర్చునేవాళ్ళమే. మీరు బాప్తిస్మం ఎలా ఇస్తారు, ప్రార్థనలో అన్యభాషలు పలకడం గురించి ఏమంటారు అన్నదానితో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఒక్కచోటే. మనిషికి కష్టమొస్తే దాని మూలం ఆ మనిషి లోపలే ఉందని మైకులో తేల్చేస్తున్నారు.

ఆ బోధ నడిచే వరస మీకు తెలియంది కాదు. ముందు వినేవాళ్ళకు తామెంత చెడిపోయామో చూపిస్తారు. నీ నీతిక్రియలు మురికిగుడ్డలు, నీ హృదయం ఘోరమైన వ్యాధి గలది, నువ్వు పగిలిన కుండవి అంటారు. ఆ పగులు మూయగలవాడు ఒక్కడేనని పిలుపిస్తారు, ముందుకొచ్చినవాళ్ళ తల మీద చేతులుంచుతారు. ఇంతవరకూ సంఘాలు ఎప్పటినుంచో చెబుతున్నదే. చిక్కంతా మూడు నెలల తర్వాత మొదలవుతుంది. రక్షణ పొందిన ఆమెకు ఇంకా నిద్ర పట్టదు, అన్నం సయించదు, పొద్దున లేవబుద్ధి కాదు. అప్పుడు విచారణ మొదలు. దాచిన పాపమేమైనా ఉందా? ఎవరినైనా క్షమించలేదా? తాతముత్తాతల విగ్రహారాధన శాపం ఉందేమో? దశమ భాగం సరిగా ఇస్తున్నావా? అన్నింటికీ లేదు, లేదు అంటే చివరికి గర్వం అనే నేరం ఎలాగూ మిగిలే ఉంటుంది. నయమైతే బోధ గెలిచింది, నయం కాకపోతే మనిషి ఓడింది. ఈ విచారణలో ముద్దాయి నిర్దోషిగా బయటపడే దారే లేదు.

దీని వెనక రెండు వేర్వేరు పాయలున్నాయి. రెండూ అమెరికాలో బలపడినవే. మొదటి పాయ ఫండమెంటలిస్టులది. 1910 నుంచి 1915 దాకా అక్కడ ‘ది ఫండమెంటల్స్’ పేరుతో పన్నెండు సంపుటాలుగా పంచిపెట్టిన వ్యాసాల నుంచే ఆ పేరు వాడుకలోకొచ్చింది. వాళ్ళ లెక్కలో మనిషి పుట్టుకతోనే పతనమైనవాడు. 1970లో జే ఆడమ్స్ అనే పాస్టరు దీన్నొక కౌన్సెలింగ్ పద్ధతిగా మార్చాడు. శరీరంలో ఫలానా జబ్బని తేలకపోతే మనసు బాధకు మూలం పాపమే, దానికి మందు గద్దింపు, ఒప్పుకోలు అన్నాడు. రెండో పాయ కెనెత్ హేగిన్ లాంటి బోధకులు వ్యాపింపజేసిన విశ్వాసపు మాట. సిలువ మీద రోగం కూడా ఓడిపోయింది కాబట్టి స్వస్థతను నోటితో పలికి సొంతం చేసుకోవాలంటుంది అది. అక్కడ ఈ రెండు వర్గాలూ ఒకదాన్నొకటి తప్పు పడతాయి. మన దగ్గర ఒకే పందిట్లో పగలు మొదటిది, రాత్రి రెండోది వినిపిస్తారు. చచ్చేదాకా నువ్వు పగిలినదానివేనని ఒక పూట, ఇంకా పగిలే ఉన్నావంటే నీ విశ్వాసమే తక్కువని ఇంకో పూట. వినేవాళ్ళు ఏది పట్టుకోవాలి?

సీమలో దీని బరువు ఇంకా ఎక్కువ. మన సంఘాల్లో చాలామంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళు. నీ కర్మ, పోయిన జన్మలో చేసుకున్నావు అని ఊరు వాళ్ళకు తరతరాలుగా చెప్పింది. ఆ మాట కింద నుంచి లేవడానికి కూడా వాళ్ళ పెద్దలు మిషన్ గడప తొక్కారు. ఇప్పుడు మీరు వంశపారంపర్య శాపం అంటుంటే పాత అప్పుల పుస్తకానికే కొత్త అట్ట వేసినట్టుంది. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయన్న సామెత ఇక పలకవద్దని యెహెజ్కేలు 18వ అధ్యాయం ఆ లెక్కను ఏనాడో కొట్టేసింది.

బైబిల్లో ఈ విచారణ పద్ధతికి అచ్చమైన నమూనా, ఆస్తీ పిల్లలూ పోయిన యోబును చూడవచ్చిన స్నేహితులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా అనకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక మాట్లాడిందంతా మన కూటాల్లో వినిపించేదే: నిర్దోషి ఎవడైనా నశించాడా, నీ పిల్లలు పాపం చేసుంటారు, నీ పాపానికి రావలసినదానికంటే నీకు తక్కువే వచ్చింది. చివరి అధ్యాయంలో దేవుని కోపం వాళ్ళ మీదే మండింది, దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం వీడిదా, కన్నవాళ్ళదా అని శిష్యులడిగితే యేసు రెండూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్ళకంటే పాపులు కారని లూకా 13లో ఉంది. అదే చోట మారుమనస్సు గురించీ ఉందని మీరనవచ్చు. ఉంది. అయితే ఆ మాట బతికున్న అందరితో అన్నది, చచ్చినవాళ్ళ మీద మోపిన నేరం కాదు.

కష్టానికి కారణాలుంటాయి, వాటిలో చాలావాటికి కొలతలూ ఉంటాయి. 1876-78 కరువు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను తుడిచిపెట్టినప్పుడు కరువు పనిలో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదు. ఆ చావుల్లో వానదెంత, ఆ లెక్కదెంత అని అడగాలి గాని చచ్చినవాళ్ళ పాపమెంత అని కాదు. అనంతపురం పల్లెల్లో బోరునీళ్ళ ఫ్లోరైడ్ సంగతీ అంతే. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు లేనిచోట 1.5 దాకా పర్వాలేదని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, తర్వాత మెడ, నడుము బిగుసుకుపోవడం, కొందరు పిల్లల్లో కాళ్ళు వంకరపోవడం. ఒకసారి వంగిన ఎముక మళ్ళీ చక్కబడదు, అందుకే నీళ్ళు మార్చడమే అసలు వైద్యం. ఆ పిల్లల మీద శాపవిమోచన ప్రార్థన చేసే బదులు సంఘం తరఫున గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఒక సీసా నీళ్ళు పంపండి. (1990ల నడుమ ఆ జిల్లాకు మంచినీళ్ళ పథకం తెచ్చింది పుట్టపర్తి ట్రస్టు. ఆ కుళాయిల దగ్గర మన విశ్వాసులూ బిందెలు నింపుకున్నారు, ఎవరి దేవుడని ఎవరూ అడగలేదు.)

ఇక మనసు జబ్బుల దగ్గరకొస్తాం. మీ బోధ ఎక్కువ హాని చేసేది ఇక్కడే, దానికి కారణం సూటిగానే చెప్పొచ్చు. కుంగుబాటు జబ్బుకున్న లక్షణాల్లో అపరాధ భావం ఒకటి. నిద్ర చెడటం, ఆకలి పోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నీరసం, తాను ఎందుకూ పనికిరానన్న తలపు, చావు ఆలోచనలు, వీటిలో కొన్ని కలిసి రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టరు దాన్ని కుంగుబాటు అంటాడు. అంటే నేను పాపిని, నన్ను దేవుడు వదిలేశాడు అన్న మాట ఆ మనిషి నోట జబ్బే పలికిస్తోంది. మీరు దాన్ని పరిశుద్ధాత్మ ఒప్పించడం అనుకుంటారు. ఒప్పుకోలు చేయిస్తారు, ఒక పూట తేలికపడుతుంది, మర్నాడు అదే భారం. ఎందుకంటే ఒప్పుకోవడానికి అక్కడ పాపం లేదు. జ్వరమొచ్చిన పిల్లను ఒళ్ళెందుకు కాలుతోందని గద్దిస్తే ఏం లాభం?

ఇంతకంటే తికమకపెట్టేది ఓసీడీ, అంటే వద్దన్నా అవే తలపులు తెచ్చి, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. ఈ జబ్బులో కొందరికి ప్రార్థన మధ్యలో దేవుణ్ణి తిట్టే మాటలు, బూతు బొమ్మలు వద్దన్నా మనసులోకి చొరబడతాయి. పరిశుద్ధాత్మను దూషించాను, మార్కు 3లో చెప్పిన క్షమించరాని పాపం చేశాను అని వాళ్ళు వణికిపోతారు. రోజుకు పదిసార్లు ఒప్పుకుంటారు, మీకు ఫోన్లు చేస్తారు. మీరు దయ్యమంటే భయం పెరుగుతుంది. ఏం కాదులేమ్మా అని ప్రతిసారీ ధైర్యం చెప్పినా జబ్బు ముదురుతుంది, ఎందుకంటే ఆ ధైర్యం వినకుండా ఉండలేకపోవడమే జబ్బులో భాగం. దీనికి పద్ధతి ప్రకారం చేసే చికిత్స ఉంది. తలపు వచ్చినా ఒప్పుకోలు చేయకుండా, మళ్ళీ మొదటినుంచి ప్రార్థించకుండా ఆగడం కొద్దికొద్దిగా అలవాటు చేయిస్తారు. మందులూ ఉన్నాయి, అవి పనిచేసిందీ లేనిదీ తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి ఒప్పుకోలు చేసి తన గురువు స్టౌపిట్జ్‌ను విసిగించేవాడు. భక్తి ఎక్కువై అలా చేశాడని మనం మెచ్చుకుంటాం గాని ఆ మనిషి పడ్డ నరకం చూడం.

ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ మాటలు మీరు ప్రసంగాల్లో తరచూ వాడతారు. 1856 అక్టోబరులో లండన్ సర్రే గార్డెన్స్ హాలులో ఆయన ప్రసంగానికి జనం కిక్కిరిసినప్పుడు ఎవరో మంటలని అబద్ధపు కేక వేస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పుడు 22 ఏళ్ళు. అప్పటినుంచి కుంగుబాటు వస్తూ పోతూ జీవితమంతా ఆయన్ను వదల్లేదు. దాన్ని సంఘం దగ్గరా, తన దగ్గర చదువుకునే పాస్టర్ల దగ్గరా దాచలేదు. ఆయన విశ్వాసం తక్కువని మీలో ఎవరైనా అంటారా?

మందుల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సాక్ష్యం చెప్పే వేళ మందుల సంచి వేదిక ముందు పడేసే అలవాటు ప్రాణాలు తీయగలదు. కుంగుబాటు మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాలకు గాని గుణం కనపడదు. మొదటి వారం కడుపులో వికారం, తలనొప్పి వస్తే మందు పడలేదని మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు మోతాదు తగ్గిస్తూ ఆపాలి. బాగైంది కాబట్టి స్వస్థత వచ్చిందని ఒక్కసారిగా మానిపిస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, జబ్బు తిరగబడవచ్చు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపడం ఇంకా ప్రమాదం. ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి మనిషి చనిపోవచ్చు. సాధారణంగా రెండేళ్ళు ఒక్క ఫిట్టూ లేకుండా గడిచాకే తగ్గించే ఆలోచన చేస్తారు. టీబీ మందులు నడుమ ఆపితే తిరిగొచ్చే టీబీ ఆ మందులకు లొంగకపోవచ్చు, దగ్గుతో ఇంట్లోవాళ్ళకూ అదే అంటుతుంది.

ఉపవాస ప్రార్థనల సంగతీ ఇందులోదే. మూడు రోజులు, ఇరవై ఒక్క రోజులు ప్రకటించేటప్పుడు ఎవరు చేయకూడదో కూడా ప్రకటించండి. షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ వేసుకుని అన్నం మానితే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. చిన్నప్పటినుంచి ఇన్సులిన్ మీద బతికేవాళ్ళు తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, ఆపితే రక్తంలో ఆమ్లం పెరిగి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. బైపోలార్ జబ్బుకు (ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) లిథియం వాడేవాళ్ళు మన ఎండల్లో నీళ్ళు కూడా తాగకుండా ఉంటే ఒంట్లో లిథియం విషస్థాయికి చేరుతుంది. చేతులు గట్టిగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. ఆత్మావేశమని దాన్ని చూస్తూ కూర్చోకూడదు. బైపోలార్ ఉన్నవాళ్ళకు రాత్రంతా మేలుకునే ప్రార్థనలు కూడా పనికిరావు, నిద్ర చెడితే ఉన్మాదం లేస్తుంది. గర్భిణులు, బాలింతలు ఉపవాసం చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో బాలింత నిద్రపోకుండా పొంతనలేని మాటలు మాట్లాడుతూ బిడ్డ గురించి వింత అనుమానాలు పడుతుంటే అదే రోజు ఆసుపత్రికి పంపాలి. తల్లికీ బిడ్డకూ ప్రమాదముంది.

ఫిట్స్ వచ్చినప్పుడు పట్టుకుని దయ్యాన్ని గద్దించకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయండి.

మతిస్థిమితం లేనివాళ్ళను ప్రార్థనా మందిరాల్లో ఉంచుకునేవాళ్ళకు ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రమంలో మంటలంటుకుంటే 28 మంది కాలిపోయారు, గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. మతం పేరు వేరైనా గొలుసు ఒకటే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. రోగులను ఉంచి సంరక్షించే చోటు రిజిస్టరు కావాలని 65వ సెక్షను చెబుతోంది.

దెబ్బలు తినే ఆడవాళ్ళ విషయంలో మీ సలహా మాకు కంఠతా వచ్చు: లోబడు, ప్రార్థించు, ఆయన మారతాడు. విడాకులు దేవునికి అసహ్యమని మలాకీ 2:16 చూపిస్తారు. అదే వచనంలో రెండో సగం బలాత్కారం కూడా అసహ్యమంటోంది, అది చదవరు. ఆమె పగిలి లేదు, ఆమెను పగలగొడుతున్నారు. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టాన్ని 2001లో సవరించాక క్రూరత్వం ఒక్కటే చాలు విడాకులకు. అంతకుముందు క్రూరత్వంతో పాటు భర్త వ్యభిచారాన్ని కూడా భార్య రుజువు చేయాల్సి వచ్చేది. విడాకులు వద్దనుకుంటే 2005 గృహహింస చట్టం కింద అదే ఇంట్లో ఉంటూ రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు మీ పాస్టరమ్మగారి ఫోన్లో ఉండాలి. భర్తను పక్కన కూర్చోబెట్టి కొడుతున్నాడా అని ఆమెను అడగొద్దు. ఇంటికెళ్ళాక దానికీ దెబ్బలుంటాయి.

ఆత్మహత్య జరిగిన ఇంట్లో చేసే ప్రసంగం అన్నింటికంటే కర్కశం. అప్పులతో పోయిన రైతు పెట్టె ముందు నిలబడి నరకం గురించి చెప్పేవాళ్ళు ఒకసారి 1 సమూయేలు 31 తెరవండి. సౌలు రాజు తన కత్తి మీదే పడి చచ్చాడు. యాబేష్గిలాదు మనుషులు రాత్రంతా నడిచి వెళ్ళి ఆ శవాన్ని తెచ్చుకున్నారు, ఎముకలు చెట్టు కింద పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసమున్నారు. అలాంటి శవానికి సమాధుల దొడ్డిలో చోటు లేదనే నియమం ఎక్కణ్ణుంచి తెచ్చారు? ఆ సిగ్గుకు భయపడి కుటుంబాలు కడుపునొప్పి అని రాయిస్తాయి. దాంతో ఇంకో నష్టం. రైతు కుటుంబానికి సాయం రావాలంటే 2004 నాటి 421 జీవోతో మొదలైన, ఆర్డీవో ఉండే త్రిసభ్య కమిటీ విచారించాలి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, అప్పు కాగితాలు లేకుండా ఆ దస్త్రం కదలదు. బతికి బయటపడినవాళ్ళను నేరస్థులుగా చూడొద్దని, తీవ్రమైన ఒత్తిడిలో చేశారనే భావించాలని 2017 చట్టం 115వ సెక్షను చెబుతోంది. సంఘం చట్టం కంటే కఠినంగా ఉండటమేమిటి?

మరి మీ దగ్గరకొచ్చిన మనిషితో ఏం మాట్లాడాలి? ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకుంటే దేవదూత మందలించలేదు. తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చింది, మళ్ళీ పడుకోనిచ్చింది, రెండోసారీ తినిపించింది. మీరూ నిద్రతో మొదలుపెట్టండి. రాత్రి ఎన్ని గంటలు పడుతోంది, ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది, తిండి ఎలా ఉంది, ఏ మందులు వాడుతోంది. చీటీ తెమ్మని చూడండి. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, అప్పు ఎంత, ఎవరికి. తర్వాత సూటిగా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది భ్రమ, చాలామందికి అడిగేవాళ్ళు దొరికారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లోని పురుగుమందు డబ్బాలు ఆ రోజే పొరుగింటికి పంపండి. ఎవరైనా తాగేశారని తెలిస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించొద్దు. పురుగుమందుతో తడిసిన బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బుతో కడిగి, డబ్బా కూడా వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోండి. చేతులుంచి ప్రార్థించాలనుకుంటే అంబులెన్సులో చేయండి.

మానసిక వైద్యం బెంగళూరులోనే దొరుకుతుందనుకునే రోజులు పోయాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మనసు జబ్బులు చూడొచ్చని 1980ల్లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే చేసి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆ నమూనాలోంచి వచ్చిందే. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక విభాగముంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. వైద్యాన్ని ఒప్పుకుంటే విశ్వాసం తగ్గుతుందనుకునేవాళ్ళకు పౌలును గుర్తుచేస్తాం. తన తోటి సేవకుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచిపెట్టానని రాశాడు, తిమోతికి కడుపు జబ్బుకు ఏం తాగాలో చెప్పాడు, లూకా అనే వైద్యుణ్ణి వెంటబెట్టుకుని తిరిగాడు, తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి పెట్టిన లండన్ మిషన్ వాళ్ళూ బైబిలు నమ్మినవాళ్ళే.

ఏడుపుకు కూడా ఆరాధనలో చోటివ్వండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో హల్లెలూయ లేదు. దాన్ని అలాగే చదివి, దానికి జవాబు చెప్పకుండా కూర్చోండి.

ఎండాకాలం కూటాల పోస్టర్లు అచ్చుకిచ్చే ముందు మూడు పనులు చేయమని కోరుతున్నాం. క్యాన్సరు, మూర్ఛ, మతిభ్రమణం నయమవుతాయన్న వరసను తీసేయండి. నయమైందన్నవాళ్ళ సాక్ష్యం అదే రాత్రి చెప్పించకుండా మూడు నెలలు ఆగి, డాక్టరు చీటీ చూశాక చెప్పించండి, నయం కానివాళ్ళ పేర్లు కూడా ఒక పుస్తకంలో రాసిపెట్టి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. పోస్టరు అడుగున, మీ ఫొటో కింద, కానుకల ఫోన్‌పే నంబరు ఎంత పెద్దగా ఉంటుందో అంతే పెద్ద అక్షరాల్లో ఇది వేయించండి: “డాక్టరు ఇచ్చిన మందులు ఆపవద్దు. మనసు బాగాలేకపోతే 14416.”

ఇట్లు,
మీ సంఘాల్లోని కొందరు విశ్వాసులు, ఆరోగ్య కార్యకర్తలు
కర్నూలు, అనంతపురం, కడప